ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఇంటి చదువుకు సిద్ధమయ్యే తీరు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు తరతరాలుగా స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో కొందరు, పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలని ఆలోచిస్తున్నారు. దగ్గర్లోని బడిలో తెలుగు చెప్పేవారు లేరని కొందరికి బాధ. తండ్రి ఉద్యోగరీత్యా ఊళ్లు మారుతూ ఉంటే పిల్లవాడి చదువు ముక్కలవుతోందని కొందరికి దిగులు. ఇంట కూర్చున్నా దారిన నడిచినా దేవుని మాటలు పిల్లలకు నేర్పమని ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం తల్లిదండ్రుల మీద ఉంచిన బాధ్యతను మొత్తం చదువుకే పునాదిగా చేసుకోవాలన్న కోరిక మరికొందరిది. కారణం ఏదైనా, ఈ దారిన నడవదలచినవారికి నేను మొట్టమొదట చెప్పేది ఒకటే. ఏ పుస్తకాలు కొనాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, మీ బిడ్డ పదో తరగతి పరీక్ష ఏ బోర్డు కింద, ఏ భాషలో, ఎక్కడ రాయాలో ముందు తేల్చుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వస్తే ఏ ఏడు ఏమి చదివించాలో దానంతట అదే తేలుతుంది.

చట్టం సంగతి

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందాలని అది చెబుతుంది. పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షనులో ఉంది. అలా చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ ఆ చట్టంలో రాయలేదు. ఇంటి చదువు అన్న ప్రస్తావనే అందులో లేదు కాబట్టి దాన్ని పేరుపెట్టి నిషేధించినదీ లేదు, పేరుపెట్టి అనుమతించినదీ లేదు. ఈ సందిగ్ధం ఉన్నదని తెలిసే దిగాలి. నాకు తెలిసినంతలో దీనికి మంచి రక్షణ, పిల్లవాడు నిజంగా చదువుతున్నాడని చూపించే కాగితాలు.

బడి బయట ఉన్న పిల్లల లెక్క కోసం అంగన్‌వాడీ కార్యకర్తో, పక్క బడి మాస్టారో, క్లస్టరు సమన్వయకర్తో ఒకరోజు మీ గుమ్మం ముందుకు వస్తారు. వారు తమ పని తాము చేస్తున్నారు. వాదానికి దిగకుండా కూర్చోబెట్టి, తేదీలు వేసిన నోటుపుస్తకాలు, నెలవారీ పాఠాల పట్టిక, మీరు పెట్టిన పరీక్షల కాగితాలు, ఎక్కడైనా పేరు నమోదై ఉంటే ఆ రసీదు చూపించండి. ఇందుకోసం ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క ఫైలు మొదటి రోజు నుంచే ఉండాలి.

ఆ ఫైలులో మొదటి కాగితం జనన ధ్రువపత్రం. 2023 అక్టోబరు 1 నాడు గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి, స్థలానికి రుజువుగా పనికొచ్చేది అదొక్కటే. చర్చిలో ఇచ్చిన బాప్తిస్మ పత్రం గానీ శిశు ప్రతిష్ఠ పత్రం గానీ దాని బదులు చెల్లదు. మన సరిహద్దు ఇళ్లలో తరచూ ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. ఆంధ్ర పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక పొడి అక్షరంగానే ఉంటుంది. ఒడిశా కార్యాలయాల్లో ఇంటిపేరును పూర్తిగా, చివరన రాస్తారు. దాంతో ఒకే బిడ్డకు జనన ధ్రువపత్రంలో ఒక రకంగా, ఆధారులో ఇంకో రకంగా పేరు పడుతుంది. పదో తరగతి దరఖాస్తు వేసే ఏడాదిలో ఈ తేడా బయటపడితే సవరణల కోసం నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. బిడ్డకు ఎనిమిదేళ్లు రాకముందే అన్ని కాగితాల్లోనూ పేరు ఒకే వరుసలో, ఒకే అక్షరాలతో ఉండేలా సరిచేయించుకోండి.

పరీక్ష ఎక్కడ రాయించాలి

ఇంటి చదువు పిల్లలకు మన దేశంలో అన్నిటికన్నా నమ్మకమైన ఆసరా జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే అందరూ పిలిచే ఎన్‌ఐఓఎస్. 1989లో నేషనల్ ఓపెన్ స్కూలుగా మొదలై 2002లో ఇప్పటి పేరు తీసుకున్న ఈ బోర్డు కేంద్ర విద్యాశాఖ కింద నడుస్తుంది. ఒడిశాకు దాని ప్రాంతీయ కేంద్రం భువనేశ్వర్‌లో ఉంది. చిన్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో ఎ, బి, సి అనే మూడు మెట్లు ఉన్నాయి. ఇవి వరుసగా మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. ఈ మెట్లు ఎక్కించడం తప్పనిసరి కాదు గానీ, ఎనిమిదో తరగతికి సమానమైన పత్రం చేతిలో ఉంటే మధ్యలో బడిలో చేరాలన్నా, ఐటీఐ వైపు వెళ్లాలన్నా తోవ సులువవుతుందని నా అభిప్రాయం.

పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండి ఉండాలి. ఎనిమిదో తరగతి పత్రం లేనివారు, ఈ కోర్సు చదవగల స్థాయికి వచ్చామని స్వయంగా రాసిచ్చే ధ్రువీకరణతో చేరవచ్చు. ఇంటి చదువు పిల్లలకు ఇది పెద్ద వెసులుబాటు. ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలి, వాటిలో కనీసం ఒక భాష, ఎక్కువలో ఎక్కువ రెండు భాషలు ఉండవచ్చు. లెక్కలు, సైన్సు, సాంఘికంతో పాటు గృహ విజ్ఞానం, చిత్రలేఖనం, డేటా ఎంట్రీ, మనస్తత్వ శాస్త్రం లాంటివీ ఉన్నాయి. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే నెలల్లో ఒకసారి, అక్టోబరు–నవంబరు నెలల్లో ఒకసారి జరుగుతాయి. నమోదు ఐదేళ్ల పాటు చెల్లుతుంది. ఆ కాలంలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి కాబట్టి ఈసారి రెండు సబ్జెక్టులు, మరోసారి మూడు సబ్జెక్టులు అని విడదీసి రాయించవచ్చు. నెమ్మదిగా నేర్చుకునే బిడ్డకు ఈ ఒక్క ఏర్పాటే ఎంతో ఊరట.

ఇంటి నుంచి రాసి పంపే అసైన్‌మెంట్లకు ఇరవై శాతం బరువు ఉంటుంది. చాలామంది తల్లిదండ్రులు వీటిని తేలిగ్గా తీసుకుంటారు. అలా తీసుకోకండి. సైన్సు తీసుకుంటే ప్రయోగాలు మీకు కేటాయించిన అధ్యయన కేంద్రంలో చేయాలి. ఆ కేంద్రం మీ ఊరికి ఎంత దూరం, అక్కడ ప్రయోగశాల నిజంగా నడుస్తోందా అన్నది ఫీజు కట్టకముందే స్వయంగా వెళ్లి చూసి రావడం మంచిది. పదో తరగతికి తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఒడిశాలోని కేంద్రంలో నమోదై తెలుగులో రాయాలనుకుంటే, ఆ వీలు గురించి కేంద్రం వారిని రాతపూర్వకంగా అడిగి, వారిచ్చిన జవాబును ఫైలులో పెట్టుకోండి. సరిహద్దుకు అవతల, పాతపట్నంలోనో ఇచ్ఛాపురంలోనో ఇల్లూ ఆధారు చిరునామా ఉన్నవారు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం గురించి విచారించవచ్చు. మహారాష్ట్ర వైపు, చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల్లోని మన వారికి ఆ రాష్ట్ర బోర్డులో పదిహేడో నంబరు ఫారంతో ప్రైవేటుగా పరీక్ష రాసే పద్ధతి చాలాకాలంగా ఉంది.

పన్నెండో తరగతి పత్రం వద్దనుకునే కుటుంబాలకు ఒక ఉదాహరణ చెప్పాలి. ఏడో తరగతిలో బడి మాని ఇంట్లో చదివిన ముంబయి అమ్మాయి ఒకరు కంప్యూటరు ప్రోగ్రామింగులో జరిగే అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్‌లో పతకాలు గెలిచి, 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు సంపాదించింది. పన్నెండో తరగతి ఉత్తీర్ణత లేనందున మన ఐఐటీల తలుపు మాత్రం ఆమెకు తెరుచుకోలేదు. అంతటి ప్రతిభకే అలా జరిగినప్పుడు సాధారణ కుటుంబాలు ఆ పత్రాన్ని వదులుకోకూడదు. ఎన్‌ఐఓఎస్‌లో పదికీ పన్నెండుకీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలన్న నియమాన్నీ ముందే లెక్కలో వేసుకోండి.

ఇంట్లో ఎన్ని భాషలు, ఏ వరుసలో

ఈ ప్రాంతంలో ఇంటి చదువు గెలుపోటములు చాలావరకు భాష దగ్గరే తేలతాయని నా గట్టి నమ్మకం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండ వైపు వెళితే సవర, పై చదువుకు ఇంగ్లీషు. బడికి వెళ్లే పిల్లలు స్నేహితుల దగ్గర ఒడియా తెలియకుండానే పట్టేస్తారు. ఇంట్లో చదివే పిల్లలకు ఆ గాలి తగలదు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల్లో చాలావాటికి ఏడో తరగతి స్థాయి ఒడియా ఉత్తీర్ణత అడుగుతారని గుర్తుంచుకుంటే, ఒడియాను వదిలేసి పెంచిన బిడ్డకు సొంత జిల్లాలోనే దారులు మూసినట్లవుతుంది. ఎన్‌ఐఓఎస్ పదో తరగతి భాషల జాబితాలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. రెండు భాషల పరిమితిలో ఇంగ్లీషుతో పాటు దేన్ని తీసుకోవాలో పన్నెండేళ్ల వయసులోనే బిడ్డతో కూర్చుని మాట్లాడండి.

చదవడం మాత్రం తెలుగుతోనే మొదలవ్వాలి. తెలుగు ధారగా చదవగలిగాక ఒడియా లిపి నేర్పడానికి క్రైస్తవ ఇంట్లో ఒక చక్కని సాధనం సిద్ధంగా ఉంది. భారత బైబిలు సొసైటీ తెలుగులోనూ ఒడియాలోనూ బైబిళ్లు అందుబాటు ధరల్లో ఇస్తోంది. యోహాను సువార్త మొదటి అధ్యాయాన్ని రెండు పుస్తకాల్లోనూ తెరిచి బల్ల మీద పక్కపక్కన పెట్టండి. బిడ్డకు తెలుగు వచనం దాదాపు నోటికి వచ్చి ఉంటుంది. ముందు యేసు, యోహాను, గలిలయ, మోషే లాంటి పేర్లను ఒడియా పుటలో వెతకమనండి. పేర్లు పట్టుబడితే అక్షరాలు పట్టుబడతాయి. ఆ అక్షరాలతో పక్క మాటలు కూడబలుక్కుంటారు. రోజుకు మూడు వచనాలు చాలు, పెన్సిలుతో కింద గీత గీస్తూ చదివించి, ఒక వచనం చూసి రాయించండి. అర్థం ముందే తెలిసి ఉండటం వల్ల భయం ఉండదు. ఉచ్చారణ సరిదిద్దడానికి మాత్రం ఒడియా మాట్లాడే పొరుగు పెద్దవారినో సంఘంలోని ఒడియా విశ్వాసినో వారానికి ఒకసారి పిలుచుకోండి. బైబిలు యాప్‌లలో దొరికే ఆడియో కూడా ఇక్కడ అక్కరకు వస్తుంది.

పుస్తకాలు, పాఠ్యప్రణాళికలు

క్రైస్తవ దృక్పథంతో అన్ని సబ్జెక్టులకూ తయారైన ప్రణాళికలు దాదాపుగా అమెరికావే, ఇంగ్లీషులోనే ఉంటాయి. 1970లో టెక్సస్‌లో మొదలైన ఆక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్ పద్ధతిలో పిల్లవాడు చిన్న చిన్న అభ్యాస పుస్తకాలను తన వేగంతో పూర్తిచేస్తూ పోతాడు. ఫ్లోరిడా నుంచి వచ్చే అబెకా పుస్తకాలు తరగతి గది పద్ధతికి దగ్గరగా ఉంటాయి. ఇంగ్లీషు బాగా వచ్చిన ఇంట్లో ఇవి పనిచేస్తాయి. అయితే వాటిలోని నాణేలు, కొలతలు, చరిత్ర అన్నీ అక్కడివి. రవాణా ఖర్చు భారీగా ఉంటుంది. పదో తరగతిలో మన బోర్డు అడిగేది వేరే. వాటికే మొత్తం డబ్బు పెట్టడం నేను సమర్థించను.

డబ్బు ఖర్చు లేకుండా దొరికేది ఆంబుల్‌సైడ్ ఆన్‌లైన్. ఇంగ్లండులో పనిచేసిన, 1842 నుంచి 1923 వరకు జీవించిన షార్లెట్ మేసన్ అనే క్రైస్తవ విద్యావేత్త పద్ధతిని ఆధారం చేసుకుని తల్లులే తయారుచేసిన ప్రణాళిక అది. అందులోని పుస్తకాల పట్టిక మనకు అంతగా పనికిరాదు గానీ, పద్ధతిలో ఒక అంశం మాత్రం అమూల్యం. మంచి పుస్తకంలోని ఒక భాగాన్ని ఒక్కసారే శ్రద్ధగా చదివి వినిపించి, వెంటనే పిల్లవాణ్ణి తన మాటల్లో తిరిగి చెప్పమంటారు. మధ్యలో ప్రశ్నలు వేయరు, సరిదిద్దరు. నానమ్మల దగ్గర కథలు విని మర్నాడు తమ్ముడికి చెప్పుకునే మన పిల్లలకు ఇది కొత్త పద్ధతేమీ కాదు. పదేళ్లు దాటాక అదే చెప్పడాన్ని రాతలో పెట్టిస్తే వ్యాసరచన వేరే నేర్పనక్కర లేదు.

పద్ధతి అక్కడిది తీసుకున్నా పుస్తకాలు మనవే వాడండి. లెక్కలు, సైన్సులకు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువు వేదిక దీక్షాలో రాష్ట్రాల తెలుగు, ఒడియా పాఠ్యపుస్తకాలు ఉంటాయి. 2015లో ప్రథమ్ బుక్స్ ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు బొమ్మల కథలు ఉచితంగా చదివి, ముద్రించుకోవచ్చు. ఒకే కథను మూడు భాషల్లో చదివించే వీలు కూడా ఉంది. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ చిన్న పిల్లల కోసం తక్కువ ధరలో తెలుగు పుస్తకాలు వేస్తోంది. బైబిలు పాఠాలకు మీ సంఘం సండే స్కూలు పుస్తకాలూ వేసవి సెలవుల బైబిలు పాఠశాల (వీబీఎస్) సామగ్రీ సరిపోతాయి.

సొంత నేల నుంచి పాఠాలు

మా ప్రాంతం ఇచ్చే పాఠాలు ఏ ప్రణాళికలోనూ దొరకవు. వానాకాలంలో గంజాం తీరాన ఛత్రపురం, గోపాలపురం వైపు మొగలి పూల నుంచి అత్తరు తీసే బట్టీలు నడుస్తాయి. అనుమతి అడిగి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి. పెద్ద రాగి పాత్రలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, కింద మంట పెడతారు. వెదురు గొట్టం గుండా వచ్చిన ఆవిరి చల్లని నీటిలో ముంచి ఉంచిన మరో రాగి పాత్రలోకి చేరి ద్రవంగా మారుతుంది. మట్టి ఎందుకు మెత్తారు, రెండో పాత్రను నీటిలో ఎందుకు ఉంచారు, ఆ నీరు వేడెక్కితే ఏమవుతుంది అని పిల్లలనే అడగనివ్వండి. స్వేదనం గురించి పాఠ్యపుస్తకంలోని బొమ్మ ఆ తరువాత చూపిస్తే ఇక మరిచిపోరు. రుషికుల్య ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు, జౌగడలోని అశోకుని శిలాశాసనం, మహేంద్రగిరి ఒక్కొక్కటీ ఒక్కో నెల చదువు.

చరిత్రకు గిడుగు రామమూర్తి గారి జీవితం చాలు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపినవారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రికి వెళ్లిపోయారు. మన సరిహద్దు ఎలా గీశారో పిల్లలకు చెప్పడానికి అంతకన్నా దగ్గరి కథ లేదు. క్రైస్తవ పిల్లలకు మరొక పేరు తప్పక తెలియాలి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌధరి గారి కీర్తనలు నేటికీ తెలుగు సంఘాలన్నిటిలో పాడుతున్నారు. ఆయన కీర్తన ఒకటి తీసుకుని, రాగం సంఘంలోని పెద్దవారి దగ్గర నేర్పించి, పాత మాటల అర్థాలు నిఘంటువులో వెతికించి, ఆయన తిరిగిన ఊళ్లను పటంలో గుర్తు పెట్టించండి. సంగీతం, భాష, భూగోళం, సంఘ చరిత్ర ఒకేసారి సాగుతాయి.

నలుగురు కలిసి చేసే పని

ఒంటరిగా ఇంటి చదువు నడపడం తల్లికి భారం, బిడ్డకు వెలితి. 2011 జనగణన ప్రకారం గజపతి జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే కాబట్టి, ఇక్కడ మరో రెండు మూడు కుటుంబాలు దొరకడం కష్టమేమీ కాదు. వారానికి రెండు పూటలు ఒకరింట్లో కలిసి, లెక్కలు వచ్చినవారు లెక్కలు, కుట్టు వచ్చినవారు కుట్టు, కీబోర్డు వచ్చినవారు సంగీతం చెప్పుకోవచ్చు. దేశవ్యాప్తంగా ఇంటి చదువు కుటుంబాలను కలిపే స్వశిక్షణ్ అనే సంఘంలో క్రైస్తవులు, ఇతరులు కూడా ఉన్నారు. అందులోని పాత కుటుంబాల అనుభవం పరీక్షల విషయంలో బాగా ఉపకరిస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఈ కలయిక రోజూ ఫీజు తీసుకుని నడిపే బడిగా మారకూడదు. గుర్తింపు లేని బడి నడిపితే విద్యాహక్కు చట్టం పద్దెనిమిదో సెక్షను కింద లక్ష రూపాయల వరకు, ఆపకపోతే రోజుకు పది వేల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. రెండోది మరింత సున్నితమైనది. మీ బిడ్డలకు మీ విశ్వాసం నేర్పుకోవడం మీ హక్కు. ఇతర మతాల పొరుగు పిల్లలు లెక్కలకో ఇంగ్లీషుకో వస్తే, ఆ గంటలో బైబిలు పాఠం కలపకండి. బలవంతంతో, ప్రలోభంతో, మోసంతో మతం మార్పించడాన్ని నిషేధించే 1967 నాటి మత స్వాతంత్ర్య చట్టం ఒడిశాలో అమలులో ఉంది. ప్రలోభం పెట్టారన్న ఆరోపణ మైనర్ల విషయంలో వస్తే అది మరింత తీవ్రంగా పరిగణన పొందుతుంది. చట్టం మాట అటుంచినా, నమ్మి బిడ్డను పంపిన పొరుగింటివారి మనసు గౌరవించడం మన సాక్ష్యంలో భాగమే.

ముందున్న దారులు, వెనక్కి వచ్చే దారి

బడి రిజిస్టరులో పేరు ఉన్నవారికే ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఇంటి చదువు పిల్లలకు రావు. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు వాటిని నమ్ముకోవద్దు. దానికి బదులుగా దొరికేది సమయం. ఆ సమయంలో సంగీతం గ్రేడు పరీక్షలు, కంప్యూటరు ప్రోగ్రామింగు, ఎన్‌ఐఓఎస్ వృత్తి కోర్సులు చేయించవచ్చు. పన్నెండు పూర్తయ్యాక దూరవిద్యలో ఇగ్నో డిగ్రీలు ఉన్నాయి. సేవా వృత్తి వైపు మనసున్న పిల్లలకు రాయగడ జిల్లా బిస్సంకటక్‌లోని క్రైస్తవ ఆసుపత్రి లాంటి చోట్ల నర్సింగు శిక్షణ ఉంది. నర్సింగు కోరుకునేవారు ఏ సబ్జెక్టులతో పన్నెండు పూర్తిచేయాలో ఆ ఏటి ప్రవేశ ప్రకటన చూసి, పదో తరగతి అవగానే నిర్ణయించుకోవాలి.

ఇల్లు మారినా, ఆరోగ్యం చెడినా, బిడ్డే బడికి వెళతానన్నా వెనక్కి రావడానికి దారి ఉంది. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం, ఆరేళ్లు దాటి ఏ బడిలోనూ చేరని బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, తోటివారితో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పాత బడి టీసీ లేదన్న కారణంతో వెనక్కి పంపితే ఆ చట్టం పేరుతో బ్లాకు విద్యాధికారికి అర్జీ రాసి, రసీదు తీసుకోండి. కొత్త విద్యా సంవత్సరం వరకు ఆగనక్కర లేదు, సంవత్సరం మధ్యలోనూ చేర్చుకోవాల్సిందే. ప్రధానోపాధ్యాయుడిని కలిసేటప్పుడు ఆ ఫైలు వెంట తీసుకువెళ్లి, చివరి ఏడాది లెక్కల నోటుపుస్తకం, ఒడియా రాత పుస్తకం పైన పెట్టండి. ఏ తరగతిలో కూర్చోబెట్టాలో నిర్ణయించడానికి వారు ముందు అడిగేవి అవే.